చప్పుడు లేని తాళము

సంగీతము చెవికి సంబంధించినదని మనమందరము అనుకుంటాము. పాట బాగుంటే చెవులకు ఇంపుగా ఉందంటాము, బాగులేకపోతే చెవులు మూసుకుంటాము. కన్నులకు పాటతో పని ఉందని సాధారణంగా ఎవరికీ తోచదు. అయితే గడచిన వంద సంవత్సరాలలో కొందరు కళాకారులు ఈ మాటను ఒప్పుకొనక, రంగులతోను గీతలతోను గుండ్రాలతోను తెర మీద సంగీతము చేయవచ్చునని పట్టుబట్టారు. వారు తీసిన చిత్రాలలో కథ ఉండదు. మనుష్యులు ఉండరు. చెట్టు, పుట్ట, ఇల్లు, వాకిలి ఏమీ ఉండవు. ఒక చుక్క పుట్టి, పెరిగి, గీతగా సాగి, మరొక గీతను కలుసుకొని మాయమైపోతుంది. దీనిని దృశ్య సంగీతము అంటారు.

ఇటువంటి వాటితో సామాన్య కుటుంబాలకు ఏమి పని అని చదువరులు అడగవచ్చు. మా ఇంటిలో జరిగిన సంగతి చెప్పి, ఆ మాటకు జవాబు చెప్పాలని మేమిద్దరము ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా ఇంటి పెద్దావిడ

మా ఇంటిలో ఎనభై దాటిన పెద్దావిడ ఉన్నారు. వీధిలో అందరూ మామ్మగారు అని పిలుస్తారు గనుక మేమూ ఇక్కడ అలాగే వ్రాస్తాము. ఆమె పుట్టిల్లు నరసాపురము దగ్గర ఒక పల్లె. ఆ ప్రాంతములో 19వ శతాబ్దములో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఇప్పటికీ ఎన్నో ఇండ్లలో సాగుతూనే ఉంది. మామ్మగారు ఏడేండ్ల వయస్సులో సూది పట్టారు. అల్లుతూ పాడటము, పాడుతూ అల్లటము ఆమెకు అప్పటి నుండి అలవాటు. స్త్రీల కూటములో పాట ఎత్తుకొనేది ఆమే. పాట ఎక్కడ జారినా, ఎక్కడ పరుగెత్తినా, ఆమె చేయి మోకాలి మీద తాళము వేస్తూ దానిని మళ్ళీ దారిలో పెట్టేది.

పదేండ్ల నుండి ఆమెకు వినికిడి తగ్గుతూ వచ్చింది. వయస్సుతో వచ్చే చెవుడులో ముందుగా సన్నని ధ్వనులు పోతాయి. పిట్ట కూత, చిన్నపిల్లల గొంతు, మాటలలో స, ష, త వంటి అక్షరాలు అందవు. ఎవరో మాటలాడుతున్నారని తెలుస్తుంది గాని, ఏమి మాటలాడుతున్నారో తెలియదు. మిషను పెట్టించాము. ఎదురుగా కూర్చుని ఒక్కరు మాటలాడితే అది కొంత సాయపడింది. కాని అటువంటి మిషన్లు ముఖ్యంగా మాట కొరకు చేసినవి. పది గొంతులు, హార్మోనియము, డోలకు కలిసేసరికి రేకుల షెడ్డు మీద వాన పడుతున్నట్టుందని ఆమె మిషను తీసి పెట్టెలో పెట్టేవారు.

మాట వినబడకపోవటము కంటె పాట వినబడకపోవటమే ఆమెను ఎక్కువగా కృంగదీసింది. రాత్రి భోజనానికి ముందు మేమందరము కలిసి ఒక పాట పాడుకోవటము మా ఇంటి ఆనవాయితీ. ఆ వేళకు ఆమె లేచి పెరటి వసారాలోకి వెళ్ళిపోవటము మొదలుపెట్టారు. ఎందుకని పలక మీద వ్రాసి అడిగితే, “పాట లేని చోట ఎంతసేపైనా కూర్చుంటాను. పాట ఉండి వినబడని చోట కూర్చోలేను” అన్నారు. తరువాత భోజనము కూడా ముందే తినేయసాగారు. ఆ తరువాత మాట తగ్గింది. చేతులలో అల్లిక కూడా నిలిచిపోయింది. ఒకే కప్పు క్రింద ఉంటూనే ఆమె మా మధ్య నుండి కొంచెము కొంచెముగా జరిగిపోతున్నట్టు మాకు తోచి భయము వేసింది.

ఆర్గను పని నేర్చిన కుర్రవాడు

మా పెద్దబ్బాయి హైదరాబాదులో యానిమేషను చదువుతున్నాడు. కదిలే బొమ్మలు గీసే చదువు అది. పోయిన వేసవి సెలవులకు వస్తూ తన పాఠములలో భాగమైన కొన్ని చిత్రాల డిస్కును తెచ్చుకున్నాడు. అవి ఆస్కార్ ఫిషింగర్ అనే జర్మనీ దేశస్థుడు చేసినవి. ఆయన జీవితము వాడు చెబుతూ ఉంటే మాకు ఎంతో ఆసక్తి కలిగింది.

ఫిషింగర్ 1900లో గెల్న్‌హౌసెన్ అనే చిన్న పట్టణములో పుట్టారు. బడి చదువు అయిన తరువాత ఆర్గను వాద్యములు తయారుచేసే చోట పనికి కుదిరారు. పాత దేవాలయాలలో పెద్ద ఆర్గను చూచినవారికి తెలుసు, దానిలో ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క గొట్టము ఉంటుంది. పొడుగు గొట్టానికి మందర స్వరము, పొట్టి గొట్టానికి తార స్వరము. స్వరానికి అక్కడ ఒక కొలత, ఒక ఆకారము ఉన్నవి. అటువంటి పని నేర్చిన కుర్రవాడు పెద్దవాడై, స్వరాన్ని కంటితో చూడాలని బయలుదేరాడంటే ఆశ్చర్యమేమున్నది?

మొదటి ప్రపంచ యుద్ధము వలన ఆ పని ఆగిపోయింది. తరువాత ఆయన నక్షాలు గీయటము, ఇంజనీరు పని నేర్చుకున్నారు. 1921లో వాల్టర్ రుట్‌మన్ తీసిన, ఆకారాలు మాత్రమే కదిలే చిత్రమొకటి చూచిన తరువాత ఆయన దారి తేలిపోయింది. రంగు మైనాలను కలిపి ముద్దచేసి, దానిని యంత్రముతో పలుచని పొరలుగా కోస్తూ, కోసిన ప్రతిసారీ ఒక ఫొటో తీసే పద్ధతి కనిపెట్టారు. ఆ ఫొటోలను వరుసగా ఆడిస్తే మైనములోని చారలు మేఘాల వలె కదులుతాయి. తరువాత కాగితాల మీద బొగ్గుతో బొమ్మలు గీసి, అభ్యాసములు అనే పేరుతో వరుసగా చిన్న చిత్రాలు చేశారు. 1931లో చేసిన ఏడవ అభ్యాసము బ్రామ్స్ అనే సంగీతకర్త కూర్చిన నాట్య సంగీతానికి సరిగా అడుగులో అడుగు వేస్తుంది. నల్లని తెర మీద తెల్లని ఆకారాలు స్వరముతో పాటు ఎగిరి, స్వరముతో పాటు వాలుతాయి.

1932లో ఆయన మరొక వింత చేశారు. ఆ రోజులలో సినిమా ఫిల్ము అంచున ఒక సన్నని గీత ఉండేది. ధ్వని అంతా ఆ గీతలోనే ముద్రింపబడి ఉండేది. ఆ గీత ఉండవలసిన చోట ఫిషింగర్ తాను గీసిన నగిషీ వరుసలను ఫొటో తీసి పెట్టారు. ప్రొజెక్టరులో ఆడిస్తే ఆ నగిషీలు ధ్వనులై పలికాయి. మా అబ్బాయి ఆ నగిషీల బొమ్మ చూపినప్పుడు మాకు మామ్మగారి పెట్టెలోని లేసు అంచులే జ్ఞాపకము వచ్చాయి.

జర్మనీలో నాజీల పరిపాలన వచ్చిన తరువాత ఇటువంటి కళను దిగజారిన కళ అని అణచివేయసాగారు. 1936లో ఫిషింగర్ అమెరికాకు వెళ్ళిపోయారు. అక్కడ కూడా ఆయన దారి నల్లేరు మీద నడక కాలేదు. ఒక పెద్ద సినిమా కంపెనీ కొరకు కాగితపు గుండ్రాలను తీగలకు వ్రేలాడదీసి, వాటిని కొద్దికొద్దిగా జరుపుతూ ఒక చిత్రము తీశారు. ఆ పనిలో కొన్నాళ్ళు సాయపడిన యువకుడు జాన్ కేజ్ తరువాతి కాలములో ప్రసిద్ధ సంగీతకర్త అయ్యారు. ప్రతి వస్తువులోను ఒక ఆత్మ ఉన్నదనీ, దానిని తట్టి పలికించవచ్చుననీ ఫిషింగర్ చెప్పిన మాట తనను మార్చివేసిందని ఆయన చెప్పేవారు. ఆ తరువాత ఫిషింగర్ డిస్నీ కంపెనీలో చేరి, ఫాంటాసియా చిత్రములో బాఖ్ సంగీతానికి బొమ్మలు కూర్చారు. అయితే ఆయన గీసిన వట్టి ఆకారాలను అక్కడివారు మేఘాలుగా, వాద్యాలుగా పోల్చుకోదగినట్టు మార్చారు. 1939లో ఆయన ఆ పని విడిచిపెట్టారు. 1940లో విడుదలైన చిత్రములో ఆయన పేరు లేదు.

అందరికీ ఒకే నిశ్శబ్దము

మా అబ్బాయి ఒక సాయంకాలము ఈ చిత్రాలను కంప్యూటరులో చూస్తుండగా మామ్మగారు ప్రక్కనుండి వెళుతూ ఆగిపోయారు. ఆ సమయములో ఆడుతున్నది 1942లో ఫిషింగర్ చేసిన రేడియో డైనమిక్స్ అనే నాలుగు నిమిషాల చిత్రము. దీని ప్రత్యేకత ఏమనగా, దీనికి సంగీతము లేదు. ఎవరో తొలగించినందువలన కాదు, ఫిషింగరే వద్దన్నారు. సంగీతము పెట్టవద్దని చిత్రము మొదటనే వ్రాసిపెట్టారు. ఇది రంగుల తాళముతో చేసిన ప్రయోగము మాత్రమే. గుండ్రాలు మన వైపు వస్తున్నట్టు పెరుగుతాయి, వెనుకకు పోతున్నట్టు తగ్గుతాయి. రంగుల చదరాలు తటాలున మారతాయి, ఒకచోట నిలుస్తాయి, మళ్ళీ మారతాయి.

మామ్మగారు కుర్చీ లాక్కొని కూర్చున్నారు. ఒక నిమిషము తరువాత ఆమె కుడిచేయి మోకాలి మీదికి వచ్చింది. మేము ఆ చేతినే చూస్తున్నాము. గుండ్రము విచ్చుకున్నప్పుడు వ్రేళ్ళు లేచేవి, ముడుచుకున్నప్పుడు మోకాలిని తాకేవి. మూడేండ్లుగా ఆ చేయి తాళము వేయటము మేము చూడలేదు.

చిత్రము అయిపోయింది. “ఇది ఏ పాటరా?” అన్నారు.

వాడు పలక మీద, “పాట లేదు మామ్మా. ఇది మూకీ” అని వ్రాసి చూపాడు.

“అయితే నీకూ వినబడలేదా?”

వాడు తల అడ్డముగా ఊపాడు.

“మీ అమ్మకీ? మీ నాన్నకీ?”

మేమిద్దరమూ లేదన్నాము.

ఆమె మా ముగ్గురి ముఖాలూ వరుసగా చూచి నవ్వారు. “మళ్ళీ వెయ్యి” అన్నారు. ఆ సాయంకాలము ఆ నాలుగు నిమిషాలు అయిదు సార్లు వేశాము. ఆ గదిలో ఎక్కువ వినేవారు, తక్కువ వినేవారు అనే తేడా ఆ కొద్దిసేపు లేదు. ఆమెకు జాలిపడి చూపించినది కాదు. ఆమె కొరకు తగ్గించి చేసినది కాదు. ఆ చిత్రము అందరి చేతా ఒకే నిశ్శబ్దములో చూడబడాలని చేయబడింది. మమ్మును కదిలించినది ఆ సంగతే.

అయితే చదువరులు దీనిని అద్భుతముగా అనుకోకూడదు. మరునాడు ఆమె మాతో స్పష్టముగా చెప్పారు: “అది పాట కాదు. పాట పోయింది, ఇక రాదు. తాళము మాత్రము పోలేదని తెలిసింది.” ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కన్నీరు పెట్టుకున్నారు. సంతోషమో దుఃఖమో మేము అడగలేదు.

మూడు వందల ఏండ్ల నాటి కల

ఈ ఆలోచన ఫిషింగర్‌తో మొదలైనది కాదు. ఫ్రాన్సు దేశములో లూయీ బెర్ట్రాండ్ కాస్టెల్ అనే జెసూట్ గురువు గణితశాస్త్రములో పండితుడు. మీటను నొక్కితే స్వరానికి బదులుగా రంగు కనబడే వాద్యమును ఆయన 1725లో ప్రతిపాదించారు. దానిని పూర్తిగా సాధించటానికి జీవితాంతము వరకు పాటుపడ్డారు. ఆయన 1757లో మరణించారు.

ఆ వాద్యమును గురించి దిదెరో అనే ఫ్రెంచి రచయిత 1751లో ఒక మంచి సంగతి వ్రాశారు. పుట్టుకతోనే చెవిటి మూగయైన ఒక మనిషిని ఆ వాద్యము దగ్గరకు తీసుకువెళితే, దీనిని చేసినవాడు కూడా తనవంటి చెవిటి మూగవాడే అయి ఉంటాడని అతడు ఊహించాడట. ఈ రంగులు అక్షరాలనీ, వీటితో అతడు ఇతరులతో మాటలాడుతున్నాడనీ అనుకున్నాడట. సంగీతము ఎదుట కూర్చున్న మనుష్యుల ముఖాలలో కనబడే శ్రద్ధనూ సంతోషాన్నీ ఆ మనిషి అదివరకే గమనించి ఉన్నాడు. గనుక సంగీతము కూడా ఒకరితో ఒకరు మాటలాడుకొనే సాధనమే అయి ఉండాలని అతడు తేల్చుకున్నాడట. వినగలిగినవారికంటె అతడు చాలా దూరము వెళ్ళాడని మాకు అనిపించింది. మనము పాట విని ఊరుకుంటాము. పాట మనుష్యులను కలుపుతున్నదని వినలేని ఆ మనిషి కంటితో పట్టుకున్నాడు.

మన దేశములో కూడా ఈ దారిలో ప్రయత్నము జరిగింది. బొంబాయి చిత్రకారుడు అక్బర్ పదమ్సీ 1970 ప్రాంతములో గీతలే కదిలే సిజిజీ అనే చిత్రము చేశారు. దానికి కూడా శబ్దము లేదు.

కొస కనబడని పని

ఫిషింగర్ చిత్రాలలో గొప్పదిగా ఎంచబడేది 1947లో పూర్తి చేసిన మోషన్ పెయింటింగ్ నంబర్ 1. సుమారు పదకొండు నిమిషాలు సాగుతుంది. బాఖ్ కూర్చిన మూడవ బ్రాండెన్‌బర్గ్ కన్సర్టో దానికి జత. గాజు వంటి ప్లాస్టిక్ పలక మీద నూనె రంగుతో ఒక్క కుంచె గీత వేయాలి, ఒక ఫొటో తీయాలి. మరొక గీత, మరొక ఫొటో. సినిమాలో ఒక సెకనుకు 24 ఫొటోలు కావాలి. ఆ లెక్కన పదకొండు నిమిషాలకు 15,840 ఫొటోలు. నెలల తరబడి ఆయన అలా గీస్తూ పోయారు. గీసినది తెర మీద ఎలా కదులుతుందో ఫిల్ము కడిగించేవరకు చూచే వీలు లేదు. ఒక్క గీత తప్పుగా పడితే వెనుకకు వెళ్ళి చెరిపే మార్గమూ లేదు.

ఈ చిత్రములో రంగులు స్వరానికి స్వరము అన్నట్టుగా నడవవు. సంగీతము తన దారిన సాగుతుంది, చుట్టలు తిరిగే గీతలు తమ దారిన అల్లుకుంటాయి. అయినా రెండూ ఒకే ఇంటి మనుష్యులవలె కలిసి ఉంటాయి. 1949లో బెల్జియములో జరిగిన ప్రయోగాత్మక చిత్రోత్సవములో దీనికి మొదటి బహుమతి వచ్చింది. కాని దీని తరువాత ఆయనకు ఇంత పెద్ద చిత్రము తీసే అవకాశము రాలేదు. బొమ్మలు వేసుకుంటూ ఉండి, 1967లో లాస్ ఏంజిలెస్‌లో మరణించారు. ఆయన భార్య ఎల్‌ఫ్రీడా ఆ చిత్రాలను, కాగితాలను దశాబ్దాలపాటు కాపాడటము వలననే అవి నేడు మనవంటివారి కంటబడుతున్నాయి.

దీనిని చూపేటప్పుడు మా అబ్బాయి, ఒక గీతకు ఒక ఫొటో అనే సంగతిని పలక మీద బొమ్మ వేసి మామ్మగారికి వివరించాడు. ఆమె వెంటనే గ్రహించారు. “లేసూ అంతే కదరా. అల్లేటప్పుడు పువ్వు కనబడదు. లెక్కే కనబడుతుంది. లెక్క తప్పకపోతే పువ్వు అదే వస్తుంది” అన్నారు. బాఖ్ సంగీతము మాకు వినబడుతున్నది, ఆమెకు లేదు. అయినా ఆ చిత్రము ఎలా పుట్టిందో మా ఇద్దరికంటె ఆమెకే బాగా తెలిసింది. ఆ వారములోనే పెట్టె తీసి దారము బయట పెట్టారు.

మీ ఇంటిలో కూడా

ఇప్పుడు రాత్రి పాట సమయములో మామ్మగారి కుర్చీ డోలకు వాయించే మా చిన్నవాడికి ఎదురుగా ఉంటుంది. వాడి చేతులు ఆమెకు కనబడతాయి. పాట ఏదో ముందుగా పలక మీద వ్రాసి చూపుతాము. డోలకు మీద ఒక చేయి ఆనించుకుంటే దాని అదురు ఆమెకు తెలుస్తుంది, ఎందుకంటే లోతైన ధ్వనులు చర్మానికి కూడా అందుతాయి. ఆమె తాళము వేస్తారు. పెదవులతో పాట పలుకుతారు. ఒక్కొక్కసారి మాకంటె ఒక చరణము ముందుంటారు, అప్పుడు పిల్లలు నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతారు. కొన్ని రాత్రులు మాత్రము ఇప్పటికీ వసారాలోకే వెళ్ళి కూర్చుంటారు. ఆ రాత్రులు మేము బలవంతపెట్టము. మాలో ఒకరము పాట అయ్యాక వెళ్ళి ఆమె ప్రక్కన కూర్చుంటాము.

చదువరులలో చాలామంది ఇండ్లలో ఇటువంటి పెద్దలు ఉంటారు. వారితో మాటలాడేటప్పుడు వెనుకనుండి కేకలు వేయవద్దు. ఎదురుగా వచ్చి, వెలుతురు మీ ముఖము మీద పడేలా నిలిచి, నిదానముగా మాటలాడండి. ఒక పలక గాని, కాగితమూ కలమూ గాని వారి చేతికి అందేలా ఉంచండి. అందరూ ఏదైనా విని నవ్వినప్పుడు, ఎందుకు నవ్వారో ఆ క్షణములోనే వారికి చెప్పండి. తరువాత చెబుతాములే అన్న మాట వారిని ఎంత దూరము నెట్టివేస్తుందో వారి ముఖము చూస్తే తెలుస్తుంది. పాట పాడేటప్పుడు వారిని గోడ ప్రక్కన గాక, చేతులూ పెదవులూ కనబడే చోట కూర్చోబెట్టండి.

వీలైతే ఒకసారి శబ్దము లేని ఆ రంగుల చిత్రాన్ని వారితో కలిసి చూడండి. వారికి నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. చూస్తున్నంతసేపు మాత్రము తెర వైపు కాక, అప్పుడప్పుడు వారి చేతుల వైపు చూస్తూ ఉండండి.